ఏసీ గాలి వస్తోంది గానీ చల్లబడట్లేదా? గ్యాస్‌కి డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి

మా ఇల్లు కర్నూలులో, పై అంతస్తు. ఏప్రిల్ వచ్చిందంటే పగలు 42, 43 డిగ్రీలు మామూలే, రాత్రి పదకొండైనా చెయ్యి పైకెత్తితే స్లాబు నుంచి వేడి దిగుతూనే ఉంటుంది. అలాంటి ఇంట్లో మా నాయన గుండె ఆపరేషన్ చేయించుకుని పడుకున్న ఎండాకాలం, ఏసీ వేస్తే గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు. ఆయన చెమటతో రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంటే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాను. పొద్దున మెకానిక్ వచ్చి బయటి యూనిట్ పైపు మీద చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ అయిపోయింది సార్" అన్నాడు, నింపాడు, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. మరుసటి ఏడాది మళ్ళీ అదే మాట. ఆ మరుసటి ఏడాదీ అదే. మూడో సారి డబ్బులిచ్చాక కూర్చుని ఈ మిషన్ ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నాను. నాలాగా ఇంకొకరు డబ్బు పోసుకోకూడదని, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్నవాళ్ళు ఎండాకాలం మధ్యలో ఇబ్బంది పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. బావిలో నీళ్ళు తోడి బయట పోసినట్టు, గదిలో వేడిని తోడి బయట పోస్తుంది, అంతే. లోపలి యూనిట్ తోడే చోటు, బయటి యూనిట్ పోసే చోటు, రెండింటి మధ్య రాగి పైపుల్లో తిరిగే గ్యాస్ ఆ వేడిని మోసుకెళ్ళే బిందె. చలిదేశాల్లో ఇదే మిషన్‌ను తిప్పి నడుపుతారు, బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడిని కూడా తోడి ఇంట్లో పోస్తుంది, దాన్నే హీట్ పంప్ అంటారు. మన దగ్గర కొన్ని కంపెనీలు అమ్మే హాట్ అండ్ కోల్డ్ ఏసీలు కూడా అవే. కాబట్టి చల్లబడకపోయినా, వేడెక్కకపోయినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే. తోడే చోట అడ్డం పడిందా, మోసే దారిలోనా, పోసే చోటా? లేక తోడేది బాగానే తోడుతున్నా గదిలోకి వేడి ఊట అంతకంటే ఎక్కువగా ఉందా?

రిమోట్ సంగతి ముందు తేల్చేయండి, రెండు నిమిషాల పని. కూల్ మోడ్‌లో ఉందా, అంటే మంచు పువ్వు బొమ్మ కనిపిస్తోందా చూడండి. ఫ్యాన్ మోడ్‌లోనో డ్రై మోడ్‌లోనో పెట్టి చల్లగా లేదనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీల్లో (అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకునేవి) చాలావాటికి కరెంటు ఆదా కోసం సామర్థ్యాన్ని 80 శాతం, 60 శాతం, 40 శాతానికి తగ్గించే బటన్ ఉంటుంది, పిల్లలు రిమోట్‌తో ఆడుకుంటూ దాన్ని నొక్కేస్తే ఏసీ సగం బలంతోనే నడుస్తుంది, బయటికి ఏ తేడా కనిపించదు. మా చెల్లెలి ఇంట్లో వారం రోజులు ఇదే జరిగింది. ఇంకొకటి, ఆపిన వెంటనే మళ్ళీ వేస్తే కంప్రెసర్, అంటే బయటి యూనిట్లో గ్యాస్ను నొక్కి తిప్పే మోటారు, మూడు నిమిషాల దాకా మొదలవ్వదు, అది రిపేరు కాదు, దాని రక్షణ కోసం పెట్టిన ఆలస్యం.

తర్వాత అసలు పరీక్ష. గది వేడి కొలిచే మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, 32 డిగ్రీల కింద అది ఏమీ చూపించదు. తలుపులు మూసి, ఏసీని 18 దగ్గర పెట్టి, ఫ్యాన్ వేగం ఎక్కువ చేసి ఒక పావుగంట నడవనివ్వండి. లోపలి యూనిట్ పైన గాలి పీల్చుకునే చోట ఒకసారి, కింద గాలి వదిలే చోట ఒకసారి కొలవండి. రెండింటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ తన పని తను చేస్తున్నట్టే, మన పొడి ఎండల్లో ఇంకొంచెం ఎక్కువ కూడా రావచ్చు. అంత తేడా ఉండి కూడా గది చల్లబడట్లేదంటే ముందు చూడాల్సింది గదిని, లేదా గాలి ఎంత వస్తోందో. తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే అప్పుడు మిషన్‌లో వెతకాలి. ఈ ఒక్క కొలత దగ్గర పెట్టుకుంటే మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

లోపలి యూనిట్‌లో చూడాల్సింది ఫిల్టరు. ముందు మూత ఎత్తితే వచ్చే రెండు జాలీలు అవే. మన ఊళ్ళో మార్చి నుంచి లేచే దుమ్ముకి రెండు వారాలకోసారి కడగకపోతే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతాయి. కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి, మిద్దె మీద ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకరపోయి మళ్ళీ సరిగ్గా కూర్చోదు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా గాలి మెల్లగా వస్తుంటే లోపల ఉన్న పొడవాటి బ్లోయర్ చక్రం రెక్కల్లో మురికి గట్టిపడి ఉంటుంది, దాన్ని ఇంట్లో కెలకవద్దు, నీళ్ళ పంపుతో చేసే వెట్ సర్వీసు చేయించండి. గాలి ఆడక లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట) మీద ఐసు కట్టడం కూడా జరుగుతుంది. ఐసు కనిపిస్తే కూల్ ఆపి, ఒకట్రెండు గంటలు ఫ్యాన్ మోడ్‌లో వదిలి కరగనివ్వండి, ఫిల్టరు కడిగి మళ్ళీ వేయండి. మళ్ళీ కడితే గాలి వైపు కాదు, గ్యాస్ వైపు అనుమానించాలి.

చాలామంది అడిగేది ఇంకొకటి ఉంది, పైపులోంచి నీళ్ళు రావట్లేదు, ఏసీ పోయిందా అని. విజయవాడలోనో విశాఖలోనో ఉన్న చుట్టాల ఇంట్లో బకెట్ నిండుతుంటే మన దగ్గర బొట్టు బొట్టుగా పడుతుంది, అంతే. మన ఎండాకాలం గాలిలో తేమ తక్కువ, తీయడానికి నీళ్ళే ఉండవు. అందుకే ఇక్కడ మామూలు కూలర్ కూడా బాగా పనిచేస్తుంది. కానీ దయచేసి ఏసీ నడిచే గదిలో కూలర్ వేయకండి. కూలర్ గాలిలోకి తేమ ఎక్కిస్తుంది, ఆ తేమను నీళ్ళుగా మార్చి బయటికి పంపడానికే ఏసీ బలమంతా పోతుంది.

ఇక బయటి యూనిట్. నేను చూసిన ఏసీల్లో ఎక్కువ వాటికి జబ్బు ఇక్కడే ఉంది, దీన్ని మాత్రం ఎవరూ చూడరు, ఎందుకంటే కనిపించదు. ఏసీ మీద రాసిన సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. బయట 43 ఉన్నప్పుడు అదే మిషన్ అంత వేడిని తోడలేదు, ఎంత మంచి కంపెనీదైనా. అలాంటప్పుడు పోసే చోట కూడా అడ్డం పెడితే ఏం చల్లబడుతుంది? వెనక ఉన్న సన్నని అల్యూమినియం రేకుల మధ్య ఎర్రదుమ్ము పట్టి ఉంటుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల వైపు అయితే దూది నూగు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు అయితే బండల పాలిష్ దుమ్ము పిండిలాగా పట్టి తడికి గట్టిపడుతుంది. దీన్ని కడగాలి. ముందు ఏసీ ఎంసీబీ (కరెంటు బోర్డులో ఏసీకి ఉండే స్విచ్చు) ఆపండి, రిమోట్‌తో ఆపితే చాలదు. మామూలు పైపుతో, మెల్లని ధారతో పైనుంచి కిందికి కడగండి. కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగి గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. వైర్లు వెళ్ళే పక్క మూత మీద నీళ్ళు పడనివ్వద్దు. వీలైతే మునిసిపాలిటీ కుళాయి నీళ్ళే వాడండి, మన బోరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, అది దుమ్ము కంటే మొండిది. చల్లబడుతుందని నడుస్తున్న యూనిట్ మీద రోజూ బోరు నీళ్ళు చల్లేవాళ్ళు ఉన్నారు, ఆ అలవాటు మానేయండి.

గోడకు బ్రాకెట్ల మీద వేలాడే యూనిట్‌ను మాత్రం కిటికీలోంచి వంగి కడగాలని చూడకండి. తాడు, బెల్టు ఉన్న మనిషిని పిలవండి. కాస్త డబ్బు మిగులుతుందని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

బయటి యూనిట్ చుట్టూ ఖాళీ ఉందా అనేది కూడా చూడాలి. దొంగల భయంతో చుట్టూ ఇనుప పెట్టె కట్టించడం, వానకు తడుస్తుందని కప్పిన కవరు అలాగే వదిలేయడం, వెనక పావురాలు గూడు కట్టడం, ఇవన్నీ మా వీధిలోనే చూశాను. అపార్ట్‌మెంట్లలో ఇరుకు డక్ట్‌లో ఐదారు యూనిట్లు ఒకదాని మీద ఒకటి బిగిస్తారు, కింది ఇంటి ఏసీ వదిలిన వేడిగాలిని పై ఇంటి ఏసీ పీల్చుకుంటుంది, అక్కడ ఎన్ని సర్వీసులు చేయించినా లాభం ఉండదు, మిద్దె మీదికి మార్చించడమే దారి. మిద్దె మీద పడమటి ఎండ తగిలితే పైన కొంత ఎత్తులో చిన్న రేకో, పచ్చ జాలీనో వేయండి, ఫ్యాన్ ముందూ వెనకా మాత్రం తెరిచే ఉండాలి.

చెయ్యితో చేసే పరీక్ష ఒకటుంది. ఏసీ నడుస్తున్నప్పుడు బయటి ఫ్యాన్ ముందు, కాస్త దూరంగా చెయ్యి పెట్టండి. ధారాళంగా, బయటి గాలి కంటే స్పష్టంగా వేడిగా రావాలి. సెగలా వస్తూ గాలి మాత్రం తక్కువగా ఉంటే రేకులు మూసుకుపోయాయి. ఫ్యాన్ బాగా తిరుగుతున్నా గాలి బయటి గాలిలాగే ఉంటే లోపలి వేడి అక్కడికి చేరట్లేదు, కంప్రెసర్ నడవట్లేదు లేదా గ్యాస్ తగ్గింది. ఫ్యాన్ అసలు తిరగకుండా గుయ్యిమని శబ్దం వచ్చి ఆగిపోతుంటే, ఇన్వర్టర్ కాని పాత ఏసీల్లో ఎక్కువసార్లు కెపాసిటర్ (మోటారు మొదలవ్వడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా) పోయి ఉంటుంది. ఎండకు ఉబ్బి పోయే వస్తువు అది, ఖరీదు కొన్ని వందలే. కానీ కరెంటు ఆపిన తర్వాత కూడా దానిలో ఛార్జి ఉంటుంది, మూత తీసి ముట్టుకోవద్దు, తెలిసినవాళ్ళతోనే మార్పించండి. పుల్లతో ఫ్యాన్ తిప్పి మొదలుపెట్టే ప్రయోగం అసలు చేయవద్దు.

పగలు బాగా పనిచేసి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య మాత్రం చల్లబడట్లేదంటే అది ఏసీ తప్పు కాకపోవచ్చు. వీధిలో అందరూ ఒకేసారి ఏసీలు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. స్టెబిలైజర్ మీద ఇన్‌పుట్ అంకె చూడండి, 230 దగ్గర ఉండాల్సింది రోజూ అదే టైముకి 180కి దిగుతుంటే కంప్రెసర్ సరిగ్గా లేవలేదు, మళ్ళీ మళ్ళీ ఆగుతుంది. అంకెలు, టైము నాలుగు రోజులు రాసుకుని 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, వీధివాళ్ళు నలుగురు కలిసి ఇస్తే ఇంకా మంచిది, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు సంగతి అప్పుడు చూస్తారు. ఇంట్లో కూడా ఏసీకి బోర్డు నుంచి విడిగా మందం వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడపకూడదు. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా అప్పటికప్పుడు ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన నేల ఎండాకాలం బిళ్ళలు బిళ్ళలుగా పగులుతుంది కదా, ఎర్తు గుంత కూడా అలాగే ఎండిపోతుంది, వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయండి.

ఇప్పుడు గ్యాస్. స్కూటర్‌లో పెట్రోలు అయిపోయినట్టు, వంట సిలిండర్ ఖాళీ అయినట్టు ఏసీ గ్యాస్ అయిపోదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, పదేళ్ళు నడిచినా తగ్గాల్సిన పని లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు వెతక్కుండా నింపడమంటే చిల్లు బిందెలో నీళ్ళు పోయడమే. మా ఇంట్లో జరిగింది అదే. నాలుగో ఏడాది వచ్చిన కుర్రాడు పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి చూశాడు, లోపలి యూనిట్ వెనక గోడలో పైపులు కలిసే నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. రాగి పైపు అంచు బిగించేటప్పుడు సన్నగా చీలింది. అది కోసి, కొత్తగా అంచు తీసి బిగించడానికి గంట పట్టింది. ఆ తర్వాత ఇప్పటిదాకా గ్యాస్ పోయలేదు.

గ్యాస్ నిజంగా తగ్గిందనడానికి గుర్తులు ఉంటాయి. బయటి యూనిట్ దగ్గర సన్న పైపు మీద మంచు పట్టడం, లోపలి కాయిల్ ఒక మూల మాత్రమే చల్లగా ఉండి మిగతాది మామూలుగా ఉండటం, నట్ల దగ్గర నూనె మరక, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కాస్త బయటికి వస్తుంది. ఇవేవీ చూపించకుండా, పైపు మీద చెయ్యి పెట్టి గ్యాస్ లేదంటే ఒప్పుకోవద్దు. ఒప్పుకునే ముందు నాలుగు మాటలు అడగండి: "లీక్ ఎక్కడో చూపిస్తావా అన్నా? వ్యాక్యూమ్ పంపు తెచ్చావా? తూకం తెచ్చావా? ఎన్ని గ్రాములు పోస్తావు?" బయటి యూనిట్ పక్కన అంటించిన కాగితం మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని కంపెనీయే రాసి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. లీక్ మూసి, పైపుల్లో గాలీ తేమా లేకుండా వ్యాక్యూమ్ తీసి, ఆ గ్రాములు తూచి పోస్తేనే పని పూర్తయినట్టు. ఎక్కువ పోసినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఏ గ్యాసో తెలుసుకోవడం ఎందుకంటే, పాత ఏసీల్లో ఆర్-22, కొంత తర్వాతివాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32 ఉంటుంది, ఒకదానిలో ఇంకొకటి కలపకూడదు. ఆర్-32కి కొంచెం మండే గుణం ఉంది. గ్యాస్ లోపల ఉండగానే పైపుకు వెల్డింగ్ మంట పెట్టబోతే ఆపండి, మొహమాటపడకండి. కొన్ని ఇళ్ళలో నట్టు కాదు, లోపలి కాయిల్‌కే సూదిమొన అంత రంధ్రాలు పడతాయి, పక్కన తెరిచిన మురికి కాలువ ఉన్న ఇళ్ళలో ఆ వాయువులు రాగిని తినేయడం వల్ల ఇది త్వరగా వస్తుంది. అతుకు వేసినా ఇంకోచోట పడుతుంది, కాయిల్ మార్చడమే మేలు. వారంటీ కాగితంలో కాయిల్ సంగతి ఏం రాసిందో ముందు చదవండి.

మిషన్ అంతా బాగుండి, పది డిగ్రీల తేడా వస్తున్నా గది మాత్రం 30 దగ్గరే ఆగిపోయిందంటే ఊట ఎక్కువన్నమాట. మన పాత మిద్దెలు గుర్తు తెచ్చుకోండి, మందం రాతిగోడలు, పైన జానెడు చౌడు మట్టి, మధ్యాహ్నం లోపల పడుకుంటే బయట అంత ఎండ ఉందని తెలిసేది కాదు. ఇప్పుడు తల మీద ఉన్నది నాలుగైదు అంగుళాల కాంక్రీటు, పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. బండల కప్పు ఇళ్ళు కూడా అంతే. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని తోడుతుంది. కింది ఇంట్లో 10 అడుగులకు 12 అడుగుల గదికి అది చాలు, అదే గది పై అంతస్తులో పడమటి గోడతో ఉంటే చాలకపోవచ్చు.

ఇంకో పెద్ద ఏసీ కొనే ముందు కప్పు సంగతి చూడండి. ఎండలు ముదరక ముందే, ఫిబ్రవరి, మార్చిల్లో స్లాబు కడిగి తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేయండి, అంత ఖర్చు పెట్టలేకపోతే చిక్కటి సున్నం వేసినా మేలే, ఏటా మళ్ళీ వేసుకోవాలి. తెలుపు మీద ఎర్రదుమ్ము పేరుకుంటే పని చేయదు, నెలకోసారి ఊడ్చి కడగాలి. మేము వేసిన ఏడాది రాత్రి స్లాబు కింద చెయ్యి పెడితేనే తేడా తెలిసింది. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట వట్టివేళ్ళ తడకో, జాలీనో వేయడం మంచిది, వేడి అద్దం దాకా రాకముందే ఆగుతుంది. తలుపు కింద సందు, బాత్రూమ్ ఎగ్జాస్ట్ రంధ్రం మూయండి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మూసిన గదిలో నేరుగా ఏసీ వేయకుండా, బయట చల్లబడి ఉంటే ఒక పావుగంట కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసి లోపలి ఉడుకుగాలి పోనివ్వండి. 16లో పెడితే త్వరగా చల్లబడుతుందని కొట్టుకోకండి, 24లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిప్పితే పెద్దవాళ్ళకు కూడా అదే హాయిగా ఉంటుంది. 2020 నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా తయారుచేస్తున్నారు.

ఇవన్నీ చూశాక కూడా లోపలి యూనిట్ మీద ఈ, ఎఫ్ లాంటి అక్షరంతో అంకె వెలుగుతుంటే ఎంసీబీ ఐదు నిమిషాలు ఆపి మళ్ళీ వేయండి. మళ్ళీ వస్తే ఆ అంకె ఫొటో తీసి కంపెనీ సర్వీసుకే చెప్పండి, సెన్సరో బోర్డో అయి ఉంటుంది, అది ఇంట్లో తేలే పని కాదు. ఫోన్ చేసినప్పుడు "చల్లగా లేదు" అని ఊరుకోకుండా, లోపల తేడా ఎన్ని డిగ్రీలు, బయటి ఫ్యాన్ తిరుగుతోందా, వోల్టేజీ ఎంత అని చెప్పండి. వచ్చేవాళ్ళు తగిన సామాను తెచ్చుకుంటారు, ఒక రోజు కలిసొస్తుంది.

మా ఏసీ ముందు మూత లోపలివైపు ఒక చిన్న కాగితం అంటించాను. సర్వీసు చేసిన తేదీ, పోసిన గ్యాస్ గ్రాములు, ఆ రోజు కొలిచిన తేడా దాని మీద రాస్తున్నాను. ఈ ఏడాది మార్చిలో 12 ఉంది, మే నెల ఎండల్లో 11.